భుజం లెక్క

డాక్టరు మెల్లగనే అడిగిండు:
"ఇంతకుముందు ఎప్పుడన్న నొచ్చిందా ఈ భుజం?"
అబద్ధమాడే అలవాటు లేక
నొచ్చింది సారూ అన్న.
ఇరవై ఏండ్ల కింద, మల్యాల దిక్కు
బాయి పూడిక తీసేటప్పుడు
మోకు జారి గుంజుకపోయింది.
మూడొద్దులు పసుపు, సున్నం పట్టేసిన.
నాలుగో నాడు మళ్లీ బాయిల దిగిన.

తర్జుమా పిలగాడు నా ముచ్చటంతా
అరబ్బీల ఒక్క మాటకు కుదించిండు.
డాక్టరు రాసుకున్నడు.
అంతే. బాయి, మోకు, పసుపు
ముసఫ్ఫాల ఏసీ గదిలకు నడిచొచ్చి
నా మీద సాక్ష్యం చెప్పినయి.

పదకొండో నాడు చేతికొచ్చింది కాయితం.
చెయ్యి లేవకపోవుడు: నూటికి ముప్పై.
అండ్ల పాత దెబ్బ పాలు పన్నెండు,
వయసు పాలు నాలుగు,
కంపెనీ పాలు పద్నాలుగు.

అన్నదమ్ముల పంపకాలు చూసినోణ్ణే నేను.
గట్టు కాడ తాడు పట్టి కొలుస్తరు,
పెద్దమనుషులు నిలవడి రాయి పాతిస్తరు.
భుజంల ఎక్కడ పాతిండ్రు హద్దురాయి?
రాత్రి రెండింటికి లేపే నొప్పి
ఎవని పాలుది?

బొంబాయిల ఇదే భుజాన్ని
అంగీ ఇప్పించి, తట్టి, లేపి, దించి
ఫిట్ అని ముద్ర గుద్దిండ్రు.
అప్పుడు నూటికి నూరు.
బాయి మాట ఎవ్వలు అడగలే.
తొమ్మిదేండ్లు ఇనుప దూలాలు మోస్తుంటె
"ఇండ్ల పాత దెబ్బ మోసింది పన్నెండు పాళ్లు,
అది మా లెక్కల రాదు, తీస్కపో" అని
ఒక్క దూలం వాపసియ్యలే.

ఇది గట్టిగనే అన్న.
పిలగాడు తర్జుమా చెయ్యలే.
"రాజమల్లన్నా, ఇది అడిగే జాగ కాదే" అన్నడు.
మనోడే, కోరుట్ల పోరడు.
వాని వీసా సుత వాళ్ల చేతులనే ఉంది.

సంతకం రాక కాదు,
కుడిచెయ్యి బల్ల అంచు దాక లేవలే.
ఎడమ బొటనవేలు నీలం సిరాల ముంచిన.
ఆ వేలికి ఏ పాత దెబ్బా లేదు.

పొద్దుగూకినంక క్యాంపు గచ్చు మీద
దుప్పటి పిండబోతే
ఒంటిచేతికి లొంగలే.
పక్క మంచం నేపాలీ, తేక్ బహదూర్,
ఏం అడగకుండ రెండో కొస పట్టిండు.
ఆయన అటు మెలేసిండు, నేను ఇటు.
గచ్చంతా నీళ్లు.
చెయ్యి పెట్టి చూసి
ఇంక తడే ఉందన్నడు,
మళ్లొకసారి పట్టమన్నడు.