ఒత్తుకు లెక్కలేదు

కాసిమేడు సమాధుల తోట గేటు పక్కన
రేకుల పందిరి నాది.
అక్షరానికి అరవై రూపాయలు.
ఒత్తులకు, దీర్ఘాలకు, గుడులకు లెక్క లేదు.
మా నాయన పెట్టిన పద్ధతి. రేటు పెంచాను గాని
పద్ధతి మార్చలేదు.

మంగళవారం పొద్దున రాహేలమ్మ వచ్చింది.
చెంగు ముడిలో అరచేయంత ఇత్తడి బిళ్ళ.
పెనిమిటి యూనిట్టు వాళ్ళు చందాలేసి పోయించారట,
పిలిస్తే వెళ్ళిన ప్రతివాడి సమాధికీ ఒకటి.
"బిగించు నాయనా, ఊడకుండా."

నందంబాక్కంలో యుద్ధంలో పోయినవాళ్ళకి
వరస తప్పని రాళ్ళున్నాయి, గడ్డి కత్తిరించే మనుషులున్నారు.
ఇక్కడ గడ్డి సంగతి మేకలు చూసుకుంటాయి.

పెరంబూరు లోకో షెడ్డులో ఫిట్టరాయన.
ఏడాదికో నెల టెరిటోరియల్ సిపాయి.
తక్కిన నెలలు ఆ బట్టలు ట్రంకుపెట్టెలో
కలరా ఉండల మధ్య పడుకునేవి.
వేళ్ళు మడిచి లెక్క చెప్పింది:
అన్నీ కలిపితే పదకొండు వందల చిల్లర రోజులు.
అందులో యుద్ధమప్పుడు, పంజాబు వైపు
దీపాలార్పిన బండి నడిపినవి తొంభై నాలుగు.
"వీధిలో సగం సిపాయి అనేవాళ్ళు" అని నవ్వింది.
తరవాతి మాటకు నవ్వలేదు.

సమ్మె వచ్చింది. షెడ్డంతా బయట కూచుంది.
ఈయనకు పిలుపు కాగితం వచ్చింది.
మడతలు విప్పి, బొత్తాలు పెట్టుకుని
తోటివాళ్ళు దిగిపోయిన ఇంజనెక్కాడు.
"ఆ ఎండాకాలం కుళాయి దగ్గర
మా బిందెకి వంతు రానే లేదయ్యా."

నేను బిళ్ళ వంక చూశాను.
నిరుడు ఇలాంటివి రెండు రాత్రికి రాత్రి
పాత సామాన్ల కొట్టుకు పోయాయి.
ఇత్తడిని ఇంట్లో దాచుకోమన్నాను.
దాని మీది గుర్తు, రైలు చక్రం, అడ్డంగా రెండు కత్తులు,
రాతిలోకే దింపుతానన్నాను. డబ్బుల్లేకుండా.

ఇ. మ్మా. ను. యే. లు.
అయిదక్షరాలు, మూడు వందలు.
మ కింద మ చెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి.
చోటు తక్కువ, పైదాని బరువెక్కువ.
అది వరసలో నిలబడదు, కూలికి రాదు,
తీసేసి చదివితే మాత్రం
రాహేలమ్మ పలకదు ఆ పేరుకి.

రాయి నిలబెట్టిన రోజు
గేటు బయట ఒక ముసలాయన, కన్నియప్పన్.
సమ్మెలో ఉద్యోగం పోయినవాడట,
మళ్ళీ చేర్చుకోలేదట.
రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.
మధ్యాహ్నం దాకా అక్కడే, చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆమె వెళ్ళాక నా బక్కెట్టు అడిగాడు, తమిళంలో.
కుళాయి కింద పెట్టి, నిండేదాకా ఆగి,
రెండు చేతులా మోసుకెళ్ళి
రాతిపొడి పోయేలా పోశాడు,
ముందు చక్రం మీద, ఆ తరవాత పేరు మీద.
ఒత్తులో ఇరుక్కున్న దుమ్ము కదల్లేదు.
వంగి, చిటికెనవేలి గోటితో తీశాడు.