నీలం అతుకు

వేట నిషేధం ఇంకో తొమ్మిది రోజుల్లో తీరుతుందనగా,
పెదజాలరిపేట ఒడ్డున తెప్పలన్నీ
బోర్లా పడుకున్న జూన్ మధ్యాహ్నం
మన పెళ్లి.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలైపోయాయి.
ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా
గుమాస్తా మన పేర్ల మీద స్టాంపు డబ్బా పెట్టాడు.
"అంతేనా?" అన్నావు మెట్లు దిగుతూ.
అంతే కాకూడదని నాకూ ఉంది.

రుషికొండ రిసార్టుల్లో పెళ్లిళ్లు చేయించే కుర్రాడు
ఫోనులో బొమ్మలు చూపించాడు.
గాజు కూజాలో రెండు రంగుల ఇసక పోయడం,
రెండు కొవ్వొత్తులు వంచి మూడోది వెలిగించడం.
ఇసక ప్యాకెట్టు నాలుగొందల యాభై.
"ఒలమ్మ! ఇసక్కూడా కొనాలా?" అని
మా అప్ప చేపల తట్ట దించి మరీ నవ్వింది.

పోనీ మా ఊరి మట్టి తెస్తానన్నావు.
అని, నువ్వే ఆగిపోయావు.
మీ తాత ఊరి మీద ఇప్పుడు స్టీలు ప్లాంటుంది.
పిడికెడు మన్నుకి గేటు పాసు కావాలి.

అప్పుడు ఎల్లాజి అన్న, ఏమీ అనకుండా,
నాన్న వల తెచ్చి మన ఒళ్లో పడేశాడు.
నడిమిన మూరెడు చిరుగు.
నైలాను దారం ఎక్కించిన వెదురు సూది,
కన్ను కొలిచే బద్ద.
"ఇద్దరూ కలిపి అల్లండి. సూస్తాం."

ప్రార్థన చెయ్యడానికొచ్చిన మీ పాస్టరు బాబాయి
బైబిలు సంచిలో పెట్టి, పంచె ఎగ్గట్టి
వల అంచు పట్టుకు కూర్చున్నాడు.
రెండో అంచు మా అప్ప కాలి బొటనవేలికి.

యోహానూ,
పోర్టులో క్రేను మీంచి కంటైనర్ని
కోడిగుడ్డులా దించే చేతులు నీవి,
ఒక్క ముడికి చెమటలు పట్టాయి.
నేనొక కన్ను, నువ్వొక కన్ను, మళ్లీ నేను.
దారం లాగినప్పుడు వేలు కోసుకుంది.
వలలో దాగిన పాత ఉప్పు తగిలి
నీ ముఖం ముడుచుకుంటే
పేట పేటంతా ఈలలు.

పదకొండోది జారుముడి.
నేను విప్పబోతే అన్న చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ పైడీ. వల్లో ఒక్క కన్నైనా జారాల.
పిల్లసేపకి దారుండాల."
ఆ మాట మా పేటలో
అంతకు ముందెవరూ అనగా నేను వినలేదు.
అప్పటికప్పుడు పుట్టించాడనుకుంటా.
ముసలాళ్లు మాత్రం, ఎప్పట్నుంచో తెలిసినట్టే
తలలూపారు.

పొద్దు గూకేసరికి చిరుగు పూడింది.
పాత దారం ఉప్పుకి నెరిసిన తెలుపు,
మనది దుకాణం నీలం.
దూరం నుంచి కూడా అతుకు తెలిసిపోతోంది.
దాచమని ఎవరూ అనలేదు.

పదిహేనో తారీకు తెల్లారగట్ల
వల వేటకి పోయింది.
డాల్ఫిన్ నోస్ మీద లైటు ఇంకా తిరుగుతోంది.
షిఫ్టుకి క్యారేజీ మూత నొక్కుతూ అడిగావు,
"మన ముక్కలో ఏమైనా పడుద్దంటావా?"

గుప్పెడు కవళ్లు, ఎవరిదో ఒంటి రబ్బరు చెప్పు.
ఏది ఎక్కడ పడిందో అన్న చెప్పలేదు.
రాత్రి అప్ప పులుసు పెట్టింది.
చింతపండు ఘాటు ఆ వేలికి తగిలి
నువ్వు మళ్లీ ముఖం ముడిచావు.
ఈసారి ఈలేసింది నేనొక్కదాన్నే.