తడి ఆరేలోపు

పెట్టె ఇస్తున్నా, షాహీనా.
మూత బిగుసుకుంటే గోళ్లు విరగ్గొట్టుకోకు,
లోపలి జేబులో అర్ధరూపాయి బిళ్ల ఉంది, దాంతో లేపు.
పన్నెండు గుంటల్లో తొమ్మిదే రంగులు.
మూడు ఖాళీగానే ఉంచు.
కొత్త ఊరు ఏ రంగు అడుగుతుందో
ఇక్కడ కూర్చుని మనకేం తెలుస్తుంది?

బెజవాడలో మే నెలంటే
బ్రష్షు ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్లేలోపు
ఆకాశం సగంలో ఆరిపోతుంది.
ఫ్యాను కట్టెయ్. చెమట పడితే పట్టనీ.
కాగితం కింద తడి తువ్వాలు పరిచి
రెండువైపులా తడిపి, అప్పుడు మొదలుపెట్టు.
నీళ్లలో గ్లిజరిన్ ఒక్క చుక్క.
రెండు వేశావా,
ఆదివారం వేసిన ఆకాశం
బుధవారం కూడా వేలికి అంటుకుంటుంది.

నీళ్లు రెండు గ్లాసులు:
ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.
మూడోది టీ. దాన్ని కిటికీలో పెట్టు.
నేను బ్రష్షు ముంచిన టీలన్నీ లెక్కేస్తే
వన్‌టౌన్‌లో హోటలు తెరవొచ్చు.
తాగిన రంగునీళ్ల లెక్క వేరే.

గుణదలలో, సైకిల్ షాపు మీది గదిలో
ఇస్రాయేలు మాస్టారు నాకు ఏడాదంతా చెప్పింది ఒక్కటే:
"తెల్లరంగు కొనుక్కోకమ్మా, మిగుల్చుకో."
బ్యారేజీ గేట్ల కింద నురగను
ఎవరూ వెయ్యలేరు.
పక్కనున్న నీడను వేసి చెయ్యి తీసెయ్యాలి.
చెయ్యి తియ్యడం నాకు ఆరేళ్లు పట్టింది.

గుంటూరు ప్యాసింజర్‌ని
కృష్ణా కెనాల్ దగ్గర ఆపేస్తే తిట్టుకోకు.
పోస్టుకార్డంత కాగితం, మోకాలి మీద అట్ట,
మందుల సీసాలో నీళ్లు చాలు.
రైలు కదిలాక మాత్రం ఒక్క గీతా గియ్యకు.
కాలవ నీళ్లు ముంచుకోకు,
ఏలూరు కాలవ నీళ్లతో వేసిన వంతెన
నా బీరువాలో ఏడాదిపాటు కంపుకొట్టింది.

మిర్చి యార్డులో ముక్కుకు గుడ్డ కట్టుకో.
నేను కట్టుకోలేదు.
ఒక్క తుమ్ముకు చెయ్యి అదిరి ఆకాశం నిండా చుక్కలు.
బస్తా దించిన హమాలీ ఒకాయన వంగి చూసి
"కాకులు బాగా కుదిరాయండీ" అన్నాడు.
వాటిని చెరపలేదు.
ఎర్రకాయల గుట్టను ఎరుపుతో ఎత్తుకోకు.
ముందు పలచగా పసుపు. ఆరనీ.
ఎరుపు ఆ తర్వాత.
నీడ పడ్డచోట, ఎరుపులోనే చిటికెడు ఆకుపచ్చ.
నల్లరంగు ముట్టుకుంటే గుట్ట చచ్చిపోతుంది.

ఇక, ఏ రంగు కడిగితే లేస్తుందో
ఏది మరకై ఉండిపోతుందో
ముందే చార్టు వేసి చూసుకోమని అందరికీ చెబుతాను.
నేను వేసుకోలేదు.
బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్ గదిలో
మంచం ఎత్తు నీళ్లు.
పదిహేనేళ్ల బొమ్మలూ కింది అరలోనే.
ఐదోరోజు తలుపు నెట్టుకుని వెళ్లి
మిగిలినవి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశా.
అల్ట్రామెరైన్ మొత్తం వెళ్లిపోయింది,
దాంతోపాటు కొండలు, పడవలు, సాయంత్రాలు.
థాలో నీలం మాత్రం కదల్లేదు.
మాస్టారి బొమ్మలో ముఖం లేదు,
కళ్లజోడు ఉంది,
గడ్డం కింద నీడ ఉంది.
పక్కింటావిడ చూసి, "ఎవరండీ, మాస్టారా?" అంది.

అదీ నా చార్టు.

ఇంకోటి మర్చిపోయా.
బ్రష్షును గ్లాసులో తలకిందులుగా వదిలి నిద్రపోకు,
ముక్కు వంగిపోతుంది, మళ్లీ నిలబడదు.
కడిగి, వేళ్లతో మొన తీసి, పడుకోబెట్టు.

పెట్టె తిరిగివ్వక్కర్లేదు.
అర్ధరూపాయి మాత్రం తెచ్చివ్వు.
ఎక్కడా చెల్లదు, తెలుసు.
అది మాస్టారిది.