నాలుగు నిమిషాలు మిగిలాక

కాల్యూ, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను.
ఆ గదిలో పడక ఉండదు.
ఉంటుందనుకుని కొత్త సాక్సులు తొడుక్కెళ్లాను.
రెండు కుర్చీలు. ఎదురెదురుగా కాదు, కాస్త వాలుగా,
చూపు తప్పించాలంటే కిటికీ అందేటట్టు.
కిటికీలో తార్తు మంచు, ఆగి కదిలే సిటీ బస్సు.
చేతికందే దూరంలో టిష్యూల పెట్టె.
చూడగానే ఒళ్లు మండింది.
నేనేడుస్తానని వీళ్లకి ముందే ఎవరు చెప్పారు?

మొదట కాగితాలు.
నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, తాగుడు వారానికెంత.
చచ్చిపోవాలనిపించిందా అని
కాఫీలో చక్కెర ఎంత అన్నంత మామూలుగా అడుగుతుంది.
జడుసుకోకు, అందరినీ అడుగుతారట.
లేదన్నాను.
కాసేపాగి, ఒకసారి, నవంబరులో, అన్నాను.
ఆమె కలం ఆగలేదు, పరుగెత్తనూ లేదు.
ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది,
మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే తప్ప, అంది.
ఆ 'తప్ప' దగ్గర నా గొంతు తడారింది.

ఆమె పేరు మిల్వి.
మోకాలి నొప్పేమో, లేచేటప్పుడు బల్ల పట్టుకుంటుంది.
సలహా ఇస్తుందేమోనని కాచుక్కూర్చున్నాను. ఇవ్వదు.
"మరి మీరేం చేస్తారు?" అనడిగేశాను.
"వింటాను. అప్పుడప్పుడు అడుగుతాను.
తప్పుగా అడిగితే చెప్పండి."

తర్వాత మౌనం.
ముప్పై ఏళ్లుగా పియానోలకు శ్రుతి చేసేవాణ్ణి,
వినడం నా పని. నన్ను ఒకరు వినడం
ఇరుకు చొక్కాలా ఉంది.
గోడవార హీటరు గొట్టం సన్నగా మోగుతోంది,
శ్రుతికి వెంట్రుకవాసి తక్కువగా.
దాని గురించే మాట్లాడాను.
తర్వాత తీగల గురించి, తేమ గురించి,
సంగీత పాఠశాల ఎగ్గొట్టిన బిల్లు గురించి.
"మనిషీ పియానోలాంటివాడే కదండీ,
చలికి శ్రుతి జారుతుంటాడు" అన్నాను.
బస్సులో తయారుచేసుకున్న వాక్యం అది. మెచ్చుకుంటుందనుకున్నాను.
"పియానోకి భయం వెయ్యదు కదా, ఐవార్" అంది.

గడియారం మనకీ కనబడేలా పెడతారు.
నాలుగు నిమిషాలున్నాయి. కోటుకి చెయ్యి చాపాను.
అప్పుడు నన్నడగకుండానే నా నోరు
ఓ పిల్ల ఉంది, అంది. లీసు. ఏడేళ్లు.
శ్రుతి చేస్తుంటే పక్కనొచ్చి నిలబడి
ఒక్క మెట్టు నొక్కింది. ఒక్కటే.
నేను మూత దబ్బున వేశాను.
వేళ్లు లాక్కుంది. గోరంత తేడా.
నన్ను చూసి "సారీ" అంది కాల్యూ,
ఆ పిల్ల, నాకు.
అప్పట్నుంచి మూత తెరవాలంటే

వాక్యం అక్కడే ఆగిపోయింది.
టిష్యూ ముట్టుకోలేదు. మఫ్లరుతో తుడుచుకున్నాను.

తగల్లేదుగా, పోనీలెండి, అనలేదామె.
హెల్వె అన్నది అదే, స్కూలు వాళ్లన్నదీ అదే.
"ఇప్పుడు విప్పితే సగంలో మిమ్మల్ని చలిలోకి పంపాలి.
గురువారం ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం.
ఈ వారం మీకు తోడెవరు?" అంది.
మా తోడల్లుడు కాల్యు, అనేశాను.
నీకు చెప్పకుండా నీ పేరు రాయించాను. ఏమనుకోకు.

బయటికొచ్చాక గుండె తేలికవుతుందంటారు.
నాకు ఆకలేసింది, అంతే.
ఉప్పుచేప రొట్టె కొనుక్కుని
బస్టాపులో నిలబడే తిన్నాను. కాళ్లు పీకుతున్నాయి.
ఆ రాత్రీ మూడింటికి మెలకువొచ్చింది,
పక్కగదిలో హెల్వె దగ్గు.
కాకపోతే లేచి కూర్చోలేదు. పడుకునే ఉన్నాను.

డబ్బు ముందే కట్టాలి. సాక్సులు ఏవైనా ఫర్వాలేదు.
మనం చుట్టాలం కాబట్టి
నిన్ను ఇంకొకరి దగ్గరికి పంపుతుందట.
రెండోవారం కూడా మా గొట్టం మోగుతూనే ఉంది,
నేను రెంచి తీసుకెళ్లలేదు.
నీ గదిలో ఏది మోగుతుందో
వచ్చి నాకు చెప్పు.