తట్టెడు గోడ

నీలాంగరైలో, సముద్రానికి రెండు వీధులివతల
కొత్తగా లేస్తున్న ఇల్లు.
మొదటి లారీ దిగినరోజు
సంచి మూతి విప్పి మేస్త్రీ ఏకాంబరం పగలబడి నవ్వాడు.
ఇసుక లేదు, కంకర లేదు,
ఎలుక గూట్లో పరుచుకునేంత తేలిక తుక్కు.

గంజాయికి తమ్ముడే, అంది ఇంజనీరమ్మ యాళిని,
కానీ మత్తు లేని తమ్ముడు.
నార ఒలిచేశాక మిగిలిన కాడ లోపలి బెండు,
ఏదో కొండచరియ నుంచి రైలెక్కి వచ్చిందట.
అంతే, వాచ్‌మన్ చెవిన పడింది.
సాయంత్రానికి టీకొట్టు దాకా పాకింది.
వారం రోజులు కుర్రాళ్ళు కాంపౌండు బయట
ఊరికే నిలబడి, గాలి పీల్చి,
నిరాశగా వెళ్ళిపోయారు.

నేను గుర్తుపట్టింది రెండో సంచిని.
విప్పకముందే, ముక్కుతో.
గుల్ల సున్నం. మా పులికాట్ గుల్ల.

తడ దగ్గర బట్టీలో
ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల పేర్చేది మా అమ్మ చెంగమ్మ.
కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే
బుస్సుమని లేచి పొడై కూలేది.
కొంగు ముక్కుకు చుట్టుకునేది,
కొంగెంత ఆపుతుంది?
ఎముకలో సున్నం లేదంటారే జనం,
మా అమ్మకు ఊపిరితిత్తుల నిండా ఉండేది.

ఇక్కడ కలపడం పులిహోర కలిపినట్టే.
మెతుకు మెతుక్కీ పట్టాలి, ముద్ద కాకూడదు.
చెక్క పెట్టెలో పోసి అరచేత్తో అదమాలి.
ఇరవై ఏళ్ళ సిమెంటు పని నా చేతికి నేర్పిన దురుసు
ఇక్కడ పనికిరాలేదు.
"గట్టిగా కొట్టకక్కా, మధ్యలో గాలి ఉండాలి" అంది యాళిని.
గోడకు గాలెందుకో నాకు తెలీదు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ ఆమే చెప్పింది:
బట్టీలో గుల్ల తన ఊపిరి వదిలేస్తుంది,
గోడలో కూర్చుని ఏళ్ళ తరబడి
గాలి నుంచి మళ్ళీ పీల్చుకుంటుంది,
పీల్చి పీల్చి చివరికి రాయవుతుంది.

మరి బట్టీ పొగ మాటేమిటమ్మా, అన్నాను.
చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.
దానికే ఈ కాడ, అంది కాసేపటికి,
పెరిగేటప్పుడు తాగింది దాని లోపలే ఉంటుంది,
అప్పు కొంత తీరుతుంది.
"కొంత" అన్నందుకు
నాకు ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది.
అమ్మ వదిలిన ఊపిరి ఎవరు తీరుస్తారని మాత్రం అడగలేదు.
ఇంకో తట్ట ఎత్తుకున్నాను.

ఎర్ణావూరులో మా గది గోడలకు చెమట పడుతుంది.
చేత్తో రాస్తే ఉప్పు, రాస్తే ఇసుక.
ఆస్బెస్టాసు కింద చిన్నది రాత్రంతా దొర్లుతుంది.

శనివారం పెట్టెలు విప్పాక
తట్టెడు మిగిలింది.
ఏకాంబరం అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు,
చాలాసేపు వెలిగించుకున్నాడు.
మూడు బస్సులు మారి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
పడమటి గోడలో రాలిపోయిన చోట,
రెండు జానల మేర,
మెత్తగా, అరచేత్తో.

ఓనరమ్మ వచ్చి చూసి
గోడకు ఎద్దు మేత పెట్టావేమే, అంది.
అద్దె మాత్రం తగ్గించలేదు.

నెలన్నర అయింది, లోపల ఇంకా పూర్తిగా ఆరలేదేమో.
మిగతా గోడంతా చెమటే.
నిన్న రాత్రి దీపం తీసేశాక
చాప లాగిన చప్పుడైంది.
చిన్నది తలగడ
అక్కడికి జరుపుకుంది.