నల్ల డబ్బా

లైసెన్సు మీద ఆరు పాయింట్లు.
మొదటి మూడూ నా పాపమే: బడి ముందు,
ఇరవై దాటకూడని చోట ముప్పై నాలుగు.
తక్కిన మూడూ డడ్లీ రోడ్డు కెమెరాని అడగండి.

ప్రీమియం రెట్టింపు చేసి
స్టీరింగు కింద నల్ల డబ్బా బిగించారు.
వడ్డీ కొట్టు గుమాస్తాలా
నా ప్రతి మలుపూ రాసుకుంటుంది.

నిన్న రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే
వుల్వర్‌హాంప్టన్ వానలో నక్క,
నోట్లో ఎవరో పారేసిన కోడికాలు.
ఆగాను.
అది మాత్రం తొందరేమీ పడలేదు.

పొద్దున్నే బెవర్లీ ఫోను:
"మూడు నలభైకి గట్టి బ్రేకు, మిస్టర్ తాడికొండ.
ఏమైనా జరిగిందా?"
"ఏమీ జరగలేదండీ."

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు మావైపు.
బ్రేకు తొక్కినందుకు
నెలకి ఇంకో పదకొండు పౌండ్లు.