రెండు గ్రాములు

నిన్న సాయంత్రం తూకం నలభై ఒక్క కిలోల ఆరు వందలు.
పొద్దున్న రెండు గ్రాములు తక్కువ.

త్రాసు తుడిచాను, సున్నాకి తెచ్చాను, మళ్ళీ పెట్టాను.
త్రాసుకు మొహమాటం లేదు.

ఈ గదికి మూడు తాళాలు.
ఒకటి నా దగ్గర, ఒకటి సెజినాందు దగ్గర,
మూడోది లిస్బన్ నుంచి రావలసిన సంతకం.
ఒక్కో గంజాయి మొక్కకీ పుట్టిన తేదీ, మడి నంబరు,
ఏ గంటకి ఎవరి చెయ్యి తగిలిందో రాసి ఉంటుంది.
నా పిల్లల గురించి కూడా
నేనింత రాసిపెట్టుకోలేదు.

పదకొండేళ్ళు టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో చేశాను.
డ్రమ్ములకు డ్రమ్ములు కాలవ పాలైనా
పోనీలే అనేవాళ్ళు.
ఈ గోడల మధ్య ఆ మాట వినపడదు.

తలుపులు మూయించారు.
టోపీలు దులిపాం, గ్లవుజులు తిరగేశాం.
ఒదేత్ జుట్టు విప్పి
తెల్లకాగితం మీద దువ్వుకుంది:
రెండు నెరిసిన వెంట్రుకలు, కాస్త చుండ్రు.
అవి కూడా తూచారు.
తర్వాత కెమెరాలో రాత్రంతా చూశాం,
ఖాళీ గది
ఎనిమిది గంటలు ఖాళీగా ఉండటం.

మధ్యాహ్నం, కార్క్ చెట్ల మీద నలభై మూడు డిగ్రీలున్నప్పుడు,
కరెంటు కుర్రాడు గొణిగాడు:
రాత్రి రెండింటికి ఏసీ
ఓ గంట ఆగింది.

కారణం అన్న గడిలో నేను రాశాను:
గాలి తాగింది.
తనిఖీకి వచ్చినాయన అది కొట్టేసి
తేమ నష్టం అని దిద్దాడు.
అప్పుడు మాత్రం అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఈలోగా జర్మనీ వెళ్ళే లారీ వెళ్ళిపోయింది.
మళ్ళీ గురువారం దాకా లేదు.
అక్కడ ఏదో ఊళ్ళో మందుల షాపు గుమ్మంలో
చీటీ నాలుగు మడతలు పెట్టుకున్న మనిషి
"ఇంకా రాలేదా" అని అడిగి
వణికే చేత్తోనే గొడుగు విప్పుకుంటూ
వెనక్కి నడుస్తూ ఉంటాడు.
అతనికి ఏ గడిలో ఏం రాయాలో
మాకెవరూ చెప్పలేదు.

బస్సు కోసం వస్తుంటే కంచె అవతల
బల్తజార్, అతని మేకలు.
ఏనాడో, భార్యకి అన్నం ఇమడని రోజుల్లో
ఆరేసిన దుప్పట్ల వెనక మూడు కుండీలు పెంచాడు.
కోర్టులో వాటినీ తూచారు. వేళ్ళతో సహా, మట్టితో సహా.
నాలుగు నెలలు.
ఇక్కడ కాపలా పనికి అర్జీ పెడితే
ఆ కాగితమే అడ్డొచ్చింది.

"ఇవాళ ఆలస్యమైందే?"
"రెండు గ్రాములు పోయాయి."

నవ్వుతాడనుకున్నాను.
గోడ మీద తిరిగే పెద్ద ఫ్యాను వైపు మొహం పెట్టి
కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.
చాలాసేపు.

"పోలేదు," అన్నాడు. "ఇక్కడే ఉన్నాయి."

మేకలు కూడా మేత ఆపి
తలలెత్తి ఉన్నాయి.